దుబాయ్ బిళ్ళలు

“పక్కింటి వాళ్ళకి పెట్టలేదు కదా భాభీ?”

దుబాయ్ నుంచి ఫోన్లో మరిది యాసిన్, తను పంపిన పళ్ళరసం బిళ్ళల గురించి తబస్సుంని అడిగాడు.

“నిన్ననే ఒక డబ్బా ఇచ్చాను. ఏం?”

“అయ్యో! కొరికితే లోపల్నించి రసం చిమ్ముతుంది చూశారా, అది కారిపోకుండా పట్టి ఉంచేది పైనున్న జిగురే. జెలటిన్ అంటారు. పశువుల ఎముకలు ఉడికించి తీస్తారు. హలాల్ ముద్ర చూసే కొన్నాను, మనకి ఫర్వాలేదు. వాళ్ళు మాంసం ముట్టరన్నారుగా మీరు!”

ఫోన్ పెట్టేసి తన దగ్గర మిగిలిన డబ్బా తిప్పి చూసింది. నారింజ, స్ట్రాబెర్రీ, ద్రాక్ష బొమ్మలు. అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఆ ఒక్క మాటా ఉంది. డిగ్రీ చదివి ఏం లాభం?

పక్కింటి మాణిక్యమ్మ వాకిట్లో కోడిగుడ్డు పెంకు కనబడితే నీళ్ళు పోసి కడిగే మనిషి. అయినా తొమ్మిదేళ్ళుగా ప్రహరీగోడ మీదుగా గిన్నెలు నడుస్తూనే ఉన్నాయి. రంజాన్‌కి పంపిన సేమ్యా గిన్నె తోమి, రెండు అరటిపళ్ళు వేసి, “అమృతంలా ఉందమ్మాయ్” అంటూ తిరిగిచ్చేది. పుట్టింటివాళ్ళెవరూ మిగలని తబస్సుంకి ఆ గోడే పుట్టింటి గడప. పొద్దున్నే ఆవిడ అంది కూడా: “మా మనవరాలు కీర్తన ఒక్కటీ మిగల్చలేదే! నేనూ ఒకటి చప్పరించాను.”

మధ్యాహ్నం ఆటోనగర్ నుంచి భోజనానికి వచ్చిన భర్త మునీర్ సంగతంతా విన్నాడు.

“చెప్పకు. తెలియక తిన్నదానికి వాళ్ళకి పాపం లేదు.”

“తెలిసి దాచితే నాకుంటుందిగా!”

“రేపట్నించి ఆవిడ నీ మొహం చూడదు. తట్టుకోగలవా?”

తబస్సుం కలిపిన అన్నం అలాగే వదిలేసి లేచింది. సాయంత్రం దాకా మూడుసార్లు గోడ దగ్గరికి వెళ్ళి, మూడుసార్లూ వెనక్కి వచ్చింది. అవతల కీర్తన తొక్కుడుబిళ్ళ ఆడుతూ కేరింతలు కొడుతోంది. నాలుగోసారి పిలిచేసింది.

“పిన్నిగారూ!”

మల్లెమొగ్గలు కోస్తున్న మాణిక్యమ్మ దగ్గరికి వచ్చింది. “ఏమ్మా, మొహం అలా పీక్కుపోయిందేం? జ్వరమా?”

“నిన్నటి బిళ్ళలు... అందులో ఎముకల జిగురు ఉందట పిన్నిగారూ. నాకు తెలీదు. అల్లా సాక్షిగా తెలీదు. తెలిస్తే మీకిస్తానా? ప్రాయశ్చిత్తం ఏదన్నా ఉంటే చెప్పండి, ఖర్చు మేం పెట్టుకుంటాం. తిట్టండి, పడతాను. మాట్లాడ్డం మాత్రం మానెయ్యకండి.”

మాణిక్యమ్మ మొగ్గల బుట్ట గోడ మీద పెట్టింది. తబస్సుం చున్నీ నోటికడ్డం పెట్టుకుని వెక్కుతుంటే ఆవిడ కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. గోడ మీదుగా చెయ్యి చాచి భుజం నిమిరింది.

“పిచ్చిపిల్లా, దీనికా ఇంత ఏడుపు? ఊరుకో. మాకేం కాలేదు.”

“కీర్తన అన్నీ తినేసిందన్నారుగా! మీరూ చప్పరించానన్నారు!”

“నువ్వు చిన్నబుచ్చుకుంటావని అలా అన్నానమ్మా,” మాణిక్యమ్మ ధైర్యం చెప్పింది. “మీ ఇంటిది ఏదీ మేం ఎప్పుడూ తినలేదు.”