శుక్రవారం షేర్లు

"షేర్లు శుక్రవారం కొని సోమవారం అమ్మితే లాభమని మీ పరిశోధనలో తేల్చారు. పేపర్ అచ్చయ్యాక ఆ లాభమే కనిపించట్లేదు. అంటే మీ లెక్క తప్పేగా?" లెక్చరర్ ఉద్యోగం ఇంటర్వ్యూలో పెద్ద ప్రొఫెసర్ అడిగాడు.

"తప్పు కాదు సార్. చదివినవాళ్లంతా అదే పని చేస్తే లాభం ఆవిరైపోతుంది."

"మీ పేపర్ ఎవరు చదువుతారండీ!"

బోర్డంతా పగలబడి నవ్వింది. పరిశోధకుడు ఫైలు సర్దుకుని లేచాడు. కట్టుకున్న భార్యే చదవలేదు మరి.

ఈ ఉద్యోగమూ పోయినట్టేనని మెట్లు దిగుతుంటే బావమరిది ఫోన్.

"బావా, తిట్టకు. నీ పేపర్ షేర్ల గ్రూపులన్నిటిలో పెట్టా. వేలమందిమి శుక్రవారమే ఎగబడి కొన్నాం. నాన్న రిటైర్మెంటు డబ్బు కూడా అందులోనే పెట్టేశా. సోమవారం అందరం ఒక్కసారే అమ్మేసరికి ధర పడిపోయి మొత్తం మునిగిపోయాం. నీ లెక్క తప్పా బావా?"

అతను మెట్టు మీదే ఆగి, ఇంటర్వ్యూ గది వైపు చూశాడు.

"కాదురా. కరెక్టే."