హాజరుపట్టీలో పువ్వులు

అత్తగారికి ఆఖరి రోజుల్లో మతి చలించిందట. పక్కింటావిడ చెప్పిందని చిన్నకోడలు వంటగది గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించి చెప్పింది.

"రోజూ సాయంత్రం బల్ల చుట్టూ ఖాళీ కుర్చీలు వేసుకుని హాజరు పిలిచేదట వదినా. పెద్దోడా, బుజ్జమ్మా, చిన్నోడా అని. ఎవరూ పలక్కపోయినా ఏదో రాసుకునేదట. గోడ అవతలికి వినపడేదట."

కూతురు చేతిలోని గిన్నె ఠక్కున దించింది. "ముప్పై ఎనిమిదేళ్ళు పసిపిల్లల బడి నడిపిన మనిషి మా అమ్మ. ఎవడి చెప్పులు ఎవడు వేసుకుపోయాడో కూర్చున్నచోటి నుంచే చెప్పేది. ఆవిడకి మతి పోవడమేంటి?"

"నేననలేదు వదినా, పక్కింటావిడ అంది."

"ఈ ఇంట్లో తిన్నన్నాళ్ళూ ఆవిడ ఆ మాట అనలేదే."

ఆ మాటకొస్తే ఆ ఇంట్లో తినని మనిషి ఆ వీధిలోనే లేడు. ఎవరొచ్చినా టీచరమ్మ మొదట చేతులు కడుక్కోమనేది, ఆ తర్వాతే నువ్వెవరని అడిగేది. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడు కూడా చేతులు కడుక్కుని, గోళ్ళు చూపించి కూర్చోవలసిందే. ఇప్పుడు ఆ కుర్చీలన్నీ గోడకు ఆనించి ఉన్నాయి. చిన్నకొడుకు మర్నాటి సంతాపసభకు అద్దె కుర్చీలు మాట్లాడటానికి వెళ్ళాడు.

మూలన బడి ఆయా కూర్చుని టీచరమ్మ పెన్సిళ్ళు డబ్బాలో సర్దుతోంది. బడి మానేశాక కూడా రోజూ వచ్చి సాయంత్రం దాకా ఉండి వెళ్ళిన మనిషి ఆమె ఒక్కతే. డబ్బాలో అన్నీ పొడుగాటి పెన్సిళ్ళే. ఎర్రది మాత్రం అరిగి అరిగి గోరంత మిగిలింది.

పెద్దకొడుకు లోపలిగదిలోంచి వచ్చాడు. సభలో అమ్మ గురించి మాట్లాడవలసింది అతనే. ఏం చెప్పాలో తోచక ఆవిడ సొరుగు వెతికితే ఒక హాజరుపట్టీ దొరికింది.

"పక్కింటావిడ చెప్పింది అబద్ధం కాదు చెల్లీ," అంటూ బల్లమీద పరిచాడు.

అందులో మూడే పేర్లు. పెద్దోడు, బుజ్జమ్మ, చిన్నోడు. ఎదురుగా ఆర్నెల్ల తేదీలు. గడి గడికీ ఒక ఎర్ర పువ్వు. రేకులు వంకరటింకరగా ఉన్నాయి కానీ నడిమి గుండ్రం మాత్రం అచ్చుగుద్దినట్టుంది.

కూతురు తన పేరు వరసను వేలితో తడుముతూ చివరిదాకా వెళ్ళింది. ఈ ఆర్నెల్లలో ఆమె ఒక్కసారీ గడప తొక్కలేదు.

"రోజూ మనం వచ్చామనే అనుకుందన్నమాట," అంది.

"ఒకందుకు అదే మేలు," పెద్దకొడుకు పట్టీని తనవైపు తిప్పుకున్నాడు. "మతి పోతే పోయింది. ఒక్కతినే ఉన్నానన్న సంగతి కూడా దాంతోపాటే పోయింది. పిల్లల మధ్య కూర్చుని తిన్నాననుకునే కన్నుమూసింది. రేపు సభలో ఇదే చెప్తాను, చివరిరోజు దాకా ఈ ఇల్లు నిండుగా ఉందని."

చిన్నకోడలు కొంగుతో కళ్ళొత్తుకుంది. మూడు రోజులుగా పట్టేసిన గుండెలు ముగ్గురికీ కాస్త తేలికపడ్డాయి.

కాగితాలు తిప్పుతూ పెద్దకొడుకు ఒకచోట ఆగాడు. "ఇది చూడు. అమ్మ కాలు బెణికిందని నేను నిజంగా వచ్చి రెండ్రోజులున్నానే, ఆ రెండు రోజులే నాకు పువ్వు లేదు. ఉత్త టిక్కు కొట్టి ఊరుకుంది." నవ్వాడు. "ఏం ఆయా, వచ్చినవాడికి పువ్వు వెయ్యడం మర్చిపోయిందా మా అమ్మ?"

ఆయా డబ్బా మూత పెట్టింది.

"టీచరమ్మ ఏదీ మర్చిపోలేదు బాబూ. వచ్చినోళ్ళకి టిక్కు, రానోళ్ళకి సున్నా, బడిలోనూ అంతే. డాక్టరు మీకు కబురు పెట్టానన్న రోజు నుంచి వారంపాటు మంచంమీదే కూర్చుని, పిల్లలొచ్చి చూస్తే నొచ్చుకుంటారని, ఒక్కో సున్నా చుట్టూ రేకులు గీసింది."