అరువు కష్టం

"చదువులో ఏడాది ఖాళీ ఎందుకని అడిగితే ఏం చెప్పను నాన్నా?" కాలేజీ వరండాలో బెంచీ మీద కూర్చుని, ఫోన్లో గొణిగింది పిల్ల.

"ఏదో ఒకటి చెప్పి చావు. ఈసారీ సీటు రాలేదో, గడప తొక్కకు!" టపీమని పెట్టేశాడు తండ్రి.

ఆ నర్సింగ్ కాలేజీలో మిగిలింది ఒకే సీటు. ఇంటర్వ్యూకి మిగిలింది ఇద్దరు. రెండో మనిషి జాడ లేదు.

ఆ ఏడాది పిల్ల వెలగబెట్టిందేమీ లేదు. కోరిన కోర్సు రాలేదని అలిగి, ఫోను పట్టుకుని మంచం దిగలేదు. అది చెబితే కొంప మునుగుతుంది. కోచింగ్ సారు ముందే తేల్చేశాడు: "ఏదైనా కష్టం చెప్పు. కష్టాల్లేని వాళ్ళకి ఈ రోజుల్లో సీట్లు లేవు."

లేనివాళ్ళేం చెయ్యాలి? అరువు తెచ్చుకోవాలి.

బెంచీకి ఆ చివర ఒకావిడ కూర్చుని ఉంది. నెరుస్తున్న జుట్టు, అరిగిన చెప్పులు. తనలో తాను ఏదో గొణుక్కుంటోంది.

"ఇంటర్వ్యూ మీ అమ్మాయికా ఆంటీ?"

"అమ్మాయేంటి, నాకే..."

"అబ్బ, ముందు నా గోల వినండి. ఏడాది ఖాళీ ఎందుకంటే ఏం చెప్పాలి?"

"ఉన్నదే చెప్పు తల్లీ."

"ఉన్నది చెబితే మెడబట్టి గెంటుతారు. మీరైతే ఏం చెబుతారు?"

ఆవిడ ఒళ్ళోని సర్టిఫికెట్లు సర్దుకుంది.

"మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడ్డారమ్మా. నా చదువు అక్కడితో సరి. వీపు పుండు పడకుండా అటూ ఇటూ తిప్పేదాన్ని. నిద్ర ఆపుకోడానికి నా పాత పాఠాలు ఆవిడకే గట్టిగా చదివి వినిపించేదాన్ని. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పాపం, తల ఊపేవారు."

"అదిరింది ఆంటీ!"

"అదిరేదేముందే అందులో, పిచ్చిదానా!"

అంతలో అటెండరు పిల్లని పిలిచాడు.

లోపల అనుకున్న ప్రశ్నే వచ్చింది. పిల్ల ఆవిడ అత్తగారిని తన నాయనమ్మని చేసేసింది. పుండు సంగతి చెప్పింది. తల ఊపడం దగ్గర గొంతు వణికించింది.

ప్రిన్సిపాలమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"చూశారా, సేవాగుణం ఇలా నెత్తుట్లో ఉండాలి! పక్కగదిలో కూర్చో అమ్మా. ఆ రెండోవాళ్ళనీ చూసి చెబుతాం."

ఆ గదికీ పక్కగదికీ మధ్య ఉన్నది చెక్క గోడ. కాసేపటికి అదే ప్రిన్సిపాలమ్మ గొంతు ఖంగుమంది.

"మళ్ళీ అదే కథా? తలుపు దగ్గర పొంచి విని, మాకే అప్పజెప్పడానికి సిగ్గు లేదూ? నడవండి బయటికి!"

'ఎవరో కాపీ కొట్టి దొరికిపోయారు!' కిసుక్కున నవ్వుకుంది పిల్ల.

అటెండరు తల దూర్చాడు. "సీటు నీదే పాపా!"

ఆంటీకి చెబుదామని ఒక్క ఉరుకున వరండాలోకి వచ్చింది. బెంచీ మీద ఎవరూ లేరు.

ఇంటర్వ్యూ గది తలుపు తీసుకుని, సర్టిఫికెట్లు గుండెలకి హత్తుకుని, ఆ రెండో అభ్యర్థి బయటికొచ్చింది: ఆవిడే.