మేనేజరు కన్ను

“కొరక్కండి. ఊరికే పెదాలు మూసి ఉంచండి,” అంది పళ్ళ డాక్టరు.

ఆపరేటరు గారు బుద్ధిగా పెదాలు మూశారు. నోట్లో మైనపు చిగుళ్ళ మీద వరసగా గుచ్చిన కొత్త పళ్ళు. ఈ కొలత సరిపోతే వారంలో అసలు సెట్టు చేతికొస్తుంది. రెండు నిమిషాలయ్యాక ఆయన దాన్ని బయటికి తీసి, బొటనవేలితో ఒక్కొక్క పన్నూ తడిమారు.

“బాగున్నాయమ్మా. నా సొంత పళ్ళకి కూడా ఇంత క్రమశిక్షణ ఉండేది కాదు.” కాస్త ఆగారు. “ఇప్పుడు వద్దంటే, కట్టిన డబ్బు ఎంత తిరిగొస్తుంది?”

గ్లవ్స్ తీయబోతున్న డాక్టరు ఆగిపోయింది.

“ఎక్కడైనా గుచ్చుకుంటోందా?”

“లేదమ్మా. మేనేజరుకి కంటి ఆపరేషన్ చేయించాలి.”

ఆపరేటరు గారు ఒక బ్యాంకులో ముప్పై రెండేళ్ళు టెలిఫోన్ బోర్డు దగ్గర పనిచేశారు. ఆఖరి ఎనిమిదేళ్ళూ మేనేజరుతో కలిసే ఆఫీసుకి వెళ్ళి వచ్చారు. మేనేజరన్నది తోటివాళ్ళు సరదాకి పెట్టిన పేరు. ఐదు కాగానే ఆపరేటరు గారిని కుర్చీలోంచి లేపి బస్సెక్కించే బాధ్యత మేనేజరుదే. ఇద్దరికీ రిటైర్మెంటు ఒకే రోజు. ఈ క్లినిక్‌కి కూడా ఎప్పుడూ కలిసే వస్తారు.

“వాడి సంస్థవాళ్ళు ఇవ్వరా?” అంది డాక్టరు.

“ఫోన్ చేశాను. డ్యూటీలో ఉన్నంతకాలం మాది బాధ్యత, రిటైరయ్యాక ఎవరింట్లో ఉంటే వాళ్ళది అన్నారు. మర్యాదగానే అన్నారులే. కిందటేడు వాణ్ణి తీసుకెళ్ళి వేరేచోట ఉంచుతామంటే మా ఆవిడే పంపనంది. ఇప్పుడు మళ్ళీ వాళ్ళనేం అంటాం?”

“మీ పింఛను బీమా?”

“అందులో నాకే దిక్కులేదు. గుండె ఉంది, కిడ్నీ ఉంది. పళ్ళూ కళ్ళూ మాత్రం ఒంట్లోవి కావట.”

డాక్టరు నవ్వింది. వెంటనే స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

“ఆపరేటరు గారూ, పై నెల నుంచి మీరు క్లాసులు చెప్పాలి. మర్చిపోయారా?”

మర్చిపోలేదు. కొత్త ఆపరేటర్లకి ఫోన్లో మాట్లాడడం నేర్పమని బ్యాంకువాళ్ళు పిలిచిన రోజున ఆయన ఇల్లంతా రెండుసార్లు తిరిగారు. గొంతు అలాగే ఉంది. పళ్ళు లేక మాట మాత్రం పక్కకి పోతోంది. ‘నమస్కారం’ అంటే మధ్యలో ఈల వస్తోంది. ఈ సెట్టు అందుకే.

“వాళ్ళని కొంచెం ఆగమంటాను,” అన్నారు.

“ఆగకపోతే? ముందు పళ్ళు పెట్టించుకుని క్లాసులు చెప్పండి. ఆ డబ్బుతో వాడి కన్ను చేయించండి.”

“కన్ను ఆగదట. ఒకటి ఎలాగూ పోయింది. రెండోది ఇంకా ముదిరితే ఆపరేషన్ చేసినా లాభం లేదన్నాడు వాడి డాక్టరు. పళ్ళకేం, అవి ఇంకెక్కడికీ పోవు. పోవాల్సినవన్నీ పోయాయి.”

“వాడిప్పుడు పేపరు చదవాలా ఏమన్నా?”

“చదవడు, నిజమే. వాడి సరదా కిటికీ ఒక్కటే. వీధిలో ఎవరు పోతున్నారో, ఏం పట్టుకుపోతున్నారో వాడికి తెలియాలి. ఈమధ్య కిటికీ దగ్గరికి పోవడమే మానేశాడు. పొద్దున గుమ్మానికి తల కొట్టుకున్నాడు. ఆ చప్పుడు విన్నాను. తర్వాత ఏమీ జరగనట్టు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అదీ నాకు మింగుడుపడనిది.”

“డబ్బు వెనక్కి అడుగుతారని పొద్దున్నే అనుకున్నా,” అన్న గొంతు గుమ్మం దగ్గర నుంచి వినబడింది. ఆయన భార్య. ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో.

ఆపరేటరు గారు కుర్చీలో చిన్నపిల్లాడిలా సర్దుకున్నారు.

“ఏడాదిపాటు దాచానండీ,” అందామె. “పాలు తగ్గించాను. కుక్కరు పిడి ఊడితే తాడు కట్టుకుని వాడాను. మీ మాట మళ్ళీ మునుపటిలా వినాలని.”

“నిజమేనే.”

“నన్నొక్క మాట అడగాలని తోచలేదా?”

“అడిగితే కాదంటావేమోనని.”

ఆమె లోపలికి వచ్చి ఆయన కుర్చీ పక్కన నిలబడింది. డాక్టరు మైనపు సెట్టుని ట్రేలో అటు తిప్పి ఇటు తిప్పింది.

“ఆ రోజు వాడు లారీ ముందు నుంచి మిమ్మల్ని వెనక్కి లాగకపోతే,” అంది భార్య, “నేనెవరి పళ్ళకి దాచేదాన్ని? డబ్బు తీసుకోండి.”

ఆయన తల ఊపారు.

“మైనం ఖర్చు పట్టుకోమ్మా,” అన్నారు తర్వాత.

“మైనం కరిగించి మళ్ళీ వాడుకుంటాను. కానీ ఆరు నెలల్లో చిగుళ్ళు మారతాయి, కొలత మళ్ళీ తీయాలి. దానికి పైసా అడగను. మీరు రాకపోతే మాత్రం ఇంటికొచ్చి అడుగుతాను.”

“అప్పటిదాకా జావేనండీ,” అంది భార్య. “వాడికీ వెనక పళ్ళు లేవుగా. ఇద్దరికీ ఒకే గిన్నెలో కాచేస్తా. ఉప్పు మీకు విడిగా వేస్తాను.”

“మజ్జిగ?”

“అన్నీ కావాలి ఈయనకి.”

ముగ్గురూ నవ్వుకున్నారు.

బయట వరండాలో బల్ల పక్కన మేనేజరు ఎదురుచూస్తున్నాడు. ఆపరేటరు గారు భార్య చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అక్కడికి వచ్చి వంగారు.

“లేవరా, నీ పని అయింది. సోమవారం మనకి ఆసుపత్రి.” తను ముందు ఒక మెట్టు దిగి ఆగారు. “మూడు మెట్లు. తొందరేం లేదు, నా వెనకే రా.”

చూపులేని ఆయనకు ఎనిమిదేళ్ళు దారి చూపించిన ఆ కుక్క, తోకాడిస్తూ ఆయన గొంతు వెంట మెట్లు దిగింది.