నాన్న చేతి మచ్చ

కాలిన చోట కొత్త చర్మం పెరగడానికి ఆసరా ఇచ్చే హైడ్రోజెల్ మీద నా పరిశోధన. ప్రతి సెమినార్‌లోనూ "స్టీలు ప్లాంటులో ఫర్నేస్ దగ్గర మా నాన్న చేయి కాలింది. ఆ మచ్చే నన్నిటు నడిపించింది" అని, సరైన చోట గొంతు వణికించేదాన్ని.

చర్మకణాలు నా జెల్‌లో మొదటిసారి చావకుండా పెరిగిన రోజు, ప్లాంటు పక్కనున్న బర్మామైన్స్ బస్తీలోని ఇంటికి పరుగెత్తి, నాన్న చేయి పట్టుకుని ఏడ్చేశాను.

నాన్న ఇబ్బందిగా కదిలాడు. "ఫర్నేస్ కాదే రోహిణీ. బూరెలు ఏపుతుంతే నూనె పడింది."

"మరి ఫర్నేస్ అన్నావేటి?"

"సిన్నప్పుడు నువ్వడిగితే గొప్పకి సెప్పీసాను. నిజం సెప్దామనుకునేసరికి నువ్వు స్టేజీ మీద ఏడిసీసావు. అందరూ సప్పట్లు కొట్టీసారు. నేనూ కొట్టీసాను."