హద్దు దాటిన సంఖ్య

“ఇంకోసారి చెప్పమ్మా. నాకు జబ్బు లేదా?”

చేతిలోని కత్తెర బల్లమీద పెట్టడం కూడా మరిచిపోయాడు టైలరు. గుమ్మంలో నిలబడ్డ అమ్మాయి రక్తపరీక్షల కేంద్రంలో వెబ్‌సైటు పని చూసే ఉద్యోగిని. ఎండలో నడిచొచ్చిందేమో, ముఖం వాడిపోయి ఉంది.

“లేదండి. మీరు ఫోనులో చూసుకున్నది మీ రిపోర్టు కాదు. మీ అసలు రిపోర్టు ఇదిగో. అంతా బాగుంది.”

“ఏమేవ్! నాకేం లేదటే! గుండ్రాయిలా ఉన్నానట!”

వీధి వీధంతా వినబడింది ఆ కేక. వంటింట్లో గిన్నె ఏదో కిందపడ్డ చప్పుడైంది. భార్య పరుగున వచ్చి కాగితం లాక్కుని, గుండెలకు హత్తుకుని, మళ్ళీ లోపలికే వెళ్ళి ఏడ్చింది. రెండు వారాలుగా ఆ ఇంట్లో అదే ఏడుపు. ఈసారి మాత్రం మధ్యమధ్య నవ్వూ వినబడింది.

సంబరం కాస్త చల్లారగానే టైలరుకు ఒళ్ళు మండింది.

“బతికుండగానే చంపేశారు కదమ్మా! వచ్చిన బేరాలన్నీ ఎదురు షాపుకి పంపేశాను. అసలెలా జరిగిందిది?”

“తప్పు నాదేనండి. మేం వాడే జావాస్క్రిప్ట్ భాషలో సంఖ్యలకు ఓ హద్దుంది. మ్యాక్స్ సేఫ్ ఇంటిజర్ అంటారు. అంతవరకే ఏ సంఖ్యనైనా ఉన్నదున్నట్టు గుర్తుపెట్టుకుంటుంది. అది దాటాక బేసిసంఖ్య ఇస్తే పట్టుకోలేదు, పక్కనున్న సరిసంఖ్య చేసేస్తుంది. మా రిపోర్టు నంబర్లు పోయిన నెల ఆ హద్దు దాటాయి. మీది బేసి. మీరు మీ నంబరు కొడితే మీకు ముందున్నవాళ్ళ రిపోర్టు తెరుచుకుంది.”

“హద్దుందని నీకు తెలీదా?”

“తెలుసు. అంతదాకా రాదులే అనుకున్నాను.”

“అనుకున్నావా! ఒకరి కొలతకి ఇంకొకరి చొక్కా కుడితే నా మొహాన కొట్టిపోతారు. సిగ్గుగా లేదూ?”

“ఉందండి.” తల దించుకుంది.

టైలరు కత్తెర బల్లమీద పెట్టాడు. అప్పుడు తట్టింది. ఆ రిపోర్టు ఆకాశంలోంచి ఊడిపడలేదు కదా! ఆ రోజు వరసలో తనకు ముందు నిలబడ్డ మనిషిది. ఎవరో గుర్తు తెచ్చుకోబోయాడు. వీపు తప్ప ఏమీ జ్ఞాపకం రాలేదు. ఎవరి నెత్తినో పిడుగు పడితే తను వీధంతా దద్దరిల్లేలా కేకలు పెట్టాడు. అది చాలదన్నట్టు, ‘ఎవరైతేనేం, నేను కాదు’ అని లోలోపల అనుకున్నాడు కూడా. అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

“ఆ మనిషి... బాగా పెద్దవారా?” గొంతు తగ్గించి అడిగాడు.

“కాదండి. చిన్న వయసే. ఇప్పుడిప్పుడే నడక నేర్చుకుంటున్న పాప ఉంది.”

టైలరు కుర్చీలో కూలబడ్డాడు.

“వాళ్ళకీ ఇదే రిపోర్టు వెళ్ళిందా?”

“వెళ్ళింది. ఒకే రిపోర్టు ఇద్దరికి చూపిస్తోందని బయటపడ్డాక, తమది కాదేమోనని ఒక పూట ఆశపడ్డారు. దాచి ఉంచిన ఇద్దరి రక్తమూ మళ్ళీ పరీక్ష చేయించాం. వాళ్ళదే.”

“మరి ఇక్కడ నిలబడ్డావేం తల్లీ? మంచి కబురు చెప్పడం తేలికని ముందు ఇటొచ్చావా? వెళ్ళు. ఫోనులో చెప్పి చేతులు దులుపుకోకు. ఎదురుగా కూర్చుని, కాస్త ధైర్యం చెప్పు. కావాలంటే నేనూ తోడొస్తాను.”

“అక్కర్లేదండి. పొద్దున్నే తెలిసింది వాళ్ళకి.”

“ఎవరు చెప్పారు?”

గుమ్మం దిగబోతూ ఆమె వెనక్కి తిరిగింది.

“నాకు నేనే చెప్పుకున్నానండి.”