పీస్ లిల్లీకి వైద్యం

"ఈ ఆకు శుక్రవారం దాకా పచ్చగానే ఉంది," అన్నారు సదాశివరావు, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుంటూ. "ఇవాళ చూడు. కొస నుంచి రెండంగుళాలు మాడినట్టయిపోయింది."

వర్షిణి టిఫిన్ డబ్బా బ్యాగులో పెట్టుకుంటూ వంగి చూసింది. టీవీ పక్కనున్న ఆ పీస్ లిల్లీ మొక్కని రెండు నెలల క్రితం తనే ఢిల్లీ జనక్‌పురి మార్కెట్ దగ్గర నర్సరీలో కొనుక్కొచ్చింది.

"నీళ్ళు ఎక్కువ పోస్తున్నారేమో నాన్నా."

"రోజు విడిచి రోజు పావు లీటరు. రాసిపెట్టాను."

నిజంగానే రాసిపెట్టారు. కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా రిటైరైన మనిషి, మొక్కకీ ఓ నోటుబుక్కు తెరిచారు. తేదీ, నీళ్ళు, ఎండ. చివర్లో 'ఆకు నం. 4: తక్షణ చర్య అవసరం'.

"మరి చర్య తీసుకోండి. వెనక బ్లాకులో అన్నపూర్ణేశ్వరి ఆంటీ ఉన్నారుగా, బోటనీ టీచరుగా చేశారు. ఓసారి చూపించండి."

"ఆవిడెవరో, నేనెవరో. ఆకు పట్టుకుని వెళ్తే ఏమనుకుంటారు?"

"ఆకు పట్టుకొచ్చారనుకుంటారు."

భార్య ఉష పోయి ఏడాదిన్నర. అప్పట్నుంచి సదాశివరావు పాలబూత్ దాకా తప్ప గడప దాటడం లేదు. ఫోన్ మోగితే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తారు. వర్షిణికేమో పుణె ఆఫీసులో పెద్ద ఉద్యోగం ఇస్తామన్నారు. వచ్చే నెలాఖరులోగా ఏ సంగతో చెప్పాలి. "నేను రాలేను, నువ్వు వెళ్ళు," అంటారాయన. "మిమ్మల్నిలా వదిలేసి ఎలా వెళ్తాను?" అంటుంది తను. ప్రతిసారీ మాట అక్కడే ఆగిపోతోంది.

ఆదివారం ఆయన ఆకును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బయల్దేరారు. గంటంబావుకి తిరిగొచ్చారు.

"ఏమన్నారు?"

"మట్టిలో వేలు పెట్టి చూసి, ఆరితేనే నీళ్ళు పొయ్యమన్నారు."

"ఆ ముక్క చెప్పడానికి గంటంబావా?"

"టీ ఇచ్చారు. వాళ్ళదీ తెనాలేనట."

పై ఆదివారానికి మరో రెండాకులు మాడాయి. ఏసీ గాలి తగులుతోందేమో, జరపమన్నారావిడ. కుండీ మూలకి జరిగింది. ఆ పై వారం మూడాకులు. కుళాయి నీళ్ళు మానేసి ఫిల్టర్ నీళ్ళు పొయ్యమన్నారు. ఈసారి సదాశివరావు రావడానికి రెండు గంటలు పట్టింది.

నాలుగో ఆదివారం ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ కనిపించారు.

"మాడిన ఆకు చూపించడానికి ఇస్త్రీ చొక్కా ఎందుకు నాన్నా?"

"ఎదుటి మనిషికి మర్యాద."

"నిజం చెప్పండి. దాన్ని మీరే ఏదైనా చేస్తున్నారా?"

ఆయన ముఖం చిన్నబోయింది. "నేనా? పొద్దున్న లేవగానే దాని మొహమే చూస్తున్నాను వర్షూ. ఎలాగైనా బతికితే చాలనుకుంటున్నాను."

వర్షిణి తలదించుకుని బెండకాయలు తరగసాగింది.

ఆ రోజు అన్నపూర్ణేశ్వరి ఊరుకోలేదు. "ఇలా ఒక్కో ఆకూ చూస్తే లాభం లేదు, మొత్తం రోగిని చూడాలి," అంటూ ఆయన వెంట తనే వచ్చారు. పాత పేపరు పరిచి, మొక్కను వేళ్ళతో సహా కుండీలోంచి తీశారు. మట్టి మీద తెల్లగా పొర కట్టి ఉంది. దాన్ని గోటితో గీకి చూశారు.

"ఇది ఉప్పు. వేళ్ళు అందుకే దెబ్బతిన్నాయి."

"ఢిల్లీ నీళ్ళు కదా ఆంటీ. మా బకెట్లు కూడా తెల్లబడుతున్నాయి," అంది వర్షిణి.

"మా ఇంటికీ అవే నీళ్ళమ్మా. మా మొక్కలకిలా కాలేదు." ఆవిడ సదాశివరావు వైపు తిరిగారు. "ఏమండీ, టీ తాగాలనుంటే ఊరికే రావచ్చు. దానికోసం మొక్కను చంపుకోనక్కర్లేదు."

సదాశివరావు చెవులు ఎర్రబడ్డాయి. వెళ్ళి నోటుబుక్కు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ ఒక్కో పేజీ చదువుతూ వచ్చి, 'ఆకు నం. 9: పరిస్థితి విషమం' దగ్గర కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వు ఆగాక పుస్తకం మూసి, "ఇంత శ్రద్ధగా చూసుకునే మనిషి దీన్ని పాడుచెయ్యరు. నాదే పొరపాటు," అన్నారు.

ఇద్దరూ కలిసి వేళ్ళు కడిగారు, కొత్త మట్టి కలిపారు. మాడిన ఆకులు కత్తిరించాక నాలుగే మిగిలాయి.

"కోలుకోవడానికి చాలా నెలలు పడుతుంది," అన్నారావిడ వెళ్తూ. "సాయంత్రాలు నేను పార్కులో నడుస్తాను. మీరూ రండి, ఎలా ఉందో చెబుదురుగాని."

నెలాఖరుకు రెండు రోజుల ముందు సదాశివరావే ఆ మాట ఎత్తారు.

"పుణె వాళ్ళకి సరేనని రాసెయ్."

"మరి మీరు?"

"నాకేం? పార్కులో నలుగురు పరిచయమయ్యారు. వాళ్ళలో ఒకాయన చదరంగం ఆడదాం రమ్మంటున్నాడు. టీచరు గారికి రోజూ రిపోర్టివ్వాలి. ఇన్ని పనులు పెట్టుకుని నీకు కాపలా కాయమంటే నావల్ల కాదు." గొంతు తగ్గించి అన్నారు. "మీ అమ్మ ఉంటే ఎప్పుడో పంపించేసేది నిన్ను. వెళ్ళు తల్లీ."

వర్షిణి ఆయన ముందే ఫోన్ తీసి, ఒప్పుకుంటున్నానని మెయిల్ పంపింది. సదాశివరావు బూట్లు వేసుకుని, ఆలస్యమైందని గొణుక్కుంటూ మెట్లు దిగారు.

గేటు మూసిన చప్పుడు వినిపించాక వర్షిణి వెళ్ళి కుండీ పక్కన నేల మీద కూర్చుంది. మిగిలిన నాలుగాకులనూ వేలితో నెమ్మదిగా తుడిచింది.

"ఇంక ఉప్పునీళ్ళు పొయ్యనులే," అంది.